కట్టలో పదకొండో పుల్ల

ఆ తల్లీకూతుళ్లు మా ఇంటికి వచ్చిన రోజున నేను డైరీలో రాసుకున్నది మూడే ముక్కలు: "పొడి ఎండ. సాయంత్రం నాలుగున్నరకు పాత విద్యార్థిని, ఆమె కూతురు. పదుల గుణకారం."

పాత విద్యార్థిని అని రాశానే గానీ ఆమెను నేను గుర్తుపట్టలేదు. రిటైరై, కన్నడ రాష్ట్రం అంచున ఉన్న చింతామణిలో స్థిరపడ్డాక, కూరగాయలకు వెళ్లినా బస్సెక్కినా ఎవరో ఒకరు "మిస్, నేను మీ దగ్గర చదివినా" అంటూనే ఉంటారు. ముప్పై ఆరేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసిన మనిషికి అది మామూలే. వాళ్ల ముఖాలు పెద్దవైపోయి ఉంటాయి. నాకు గుర్తున్నవి చిన్న ముఖాలు. ఈమెకు ముప్పై ఏడో ఎనిమిదో ఉంటాయి. మురుగమల్ల దారిలో పూలమొక్కల నర్సరీ ఉన్న ఇంటికి కోడలుగా వచ్చిందట. చేతివేళ్ల సందుల్లో ఎర్రమట్టి ఇంకా ఆరలేదు.

"బాగేపల్లి పక్క మా ఊరి శాలెలో మీరు ఐదనే తరగతికి చెప్తా ఉంటిరి మిస్," అంది. "మీకు యాడ గుర్తుంటాదిలెండి. ముందర బెంచీలోళ్లు గుర్తుంటారు, తన్నులు తిన్నోళ్లు గుర్తుంటారు. వెనక బెంచీలోళ్లు ఎవురికి గుర్తు?"

"నేను తన్నేదాన్ని కాదు గదమ్మా."

"అవును మిస్, మీరు తన్నేవాళ్లు కాదు," అని ఊరుకుంది.

ఆ ఊరుకోవడంలో ఏదో ఉందని నాకు అప్పుడు తోచలేదు. కూతురి సంగతి అడిగాను. పాప ఐదో తరగతి. వాళ్ల సార్ ప్రభుత్వ వసతి పాఠశాల ప్రవేశ పరీక్షకు ఫారం నింపి పంపాడు. సీటు దొరికితే ఆరు నుంచి పది దాకా చదువూ భోజనమూ అక్కడే. పరీక్ష మూడు వారాల్లో, చిక్కబళ్లాపురంలో. కన్నడం, పరిసర పాఠాలు బాగానే ఉన్నాయి. లెక్కలే రావు.

"సార్ నన్ను అడక్కుండానే పంపించేసినాడు మిస్. నాకు ఇష్టం లేదు," అంది తల్లి. "దీనికి లెక్క రాదు, నా మాదిరే. నాకు తలకెక్కలే, దీనికీ ఎక్కదు. రాని లెక్కకు నలుగురిలో కూచోబెట్టి నవ్వించుకునేది ఎందుకు? మీరు ఒక వారం చూడండి. ఎక్కదంటే చెప్పేయండి. హాల్ టికెట్ చించేసి దీన్ని మాతో నర్సరీలో పెట్టుకుంటాను."

"చించొద్దుమా," అంది పాప మెల్లిగా. "దాంట్లో నా ఫోటో ఉండాది."

పలక మీద నాలుగు లెక్కలు రాసిచ్చాను. నాలుగు ముప్పైలు, ఐదు ఇరవైలు, ఆరు యాభైలు, ఇరవై నలభైలు. ఎక్కాలను ఇక్కడి పిల్లలు కన్నడంలోనే నేర్చుకుంటారు, మగ్గి అంటారు. పాప పెదవులు "నాల్కు మూర్ల హన్నెరడు" అని కదిలాయి. నాలుగు మూళ్లు పన్నెండు, అది సరే. కింద రాసిన జవాబులు మాత్రం ఇవి: నూటముప్పై రెండు, నూటపది, మూడువందల ముప్పై, ఎనిమిది వందల ఎనభై.

నా డైరీల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు నుంచి ప్రతి పుటనూ మూడు భాగాలు చేసుకున్నాను: పైన వాన ఎండలు, నడుమ పాఠశాల, కింద ఇల్లు. పాఠశాల భాగం చివర ఎర్ర సిరాతో ఆ రోజు పిల్లలు చేసిన తప్పుల్లో ఒకటి రాసేదాన్ని. పేరు రాయను, తరగతి, బెంచి, తప్పు, అంతే. రాసిన పుటను తర్వాత దిద్దకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. దిద్దితే అది ఆ రోజు పుట కాదు. పదుల గుణకారంలో వచ్చే తప్పులన్నీ ఆ ఎర్ర గీతల్లో ఉన్నాయి. సున్నా మరిచిపోయేవాళ్లు, ఒక సున్నా ఎక్కువ పెట్టేవాళ్లు. నాలుగు యాభైలు అంటే నాలుగైదుల ఇరవై, ఇరవైలో సున్నా వచ్చేసింది గదా, ఇంకొకటి ఎందుకని ఇరవైతోనే ఆగిపోయేవాళ్లు. ఈ పాప జవాబులు ఆ జాతివి కావు. తెలియని పిల్ల ఒక్కో లెక్కను ఒక్కో రకంగా తప్పుతుంది. నాలుగు లెక్కల్నీ ఒకే రకంగా తప్పిన పిల్లకు ఏదో తెలిసే ఉండాలి.

"నూటముప్పై రెండు ఎట్ల వచ్చింది పాపా?"

"ముప్పై అంటే మూడు కట్టలు మిస్. నాలుగు సార్లంటే పన్నెండు కట్టలు. పన్నెండు కట్టలకు నూటముప్పై రెండు."

"కట్టలని ఎవరు చెప్పినారు?"

"అమ్మ. సార్ సొన్నె పెట్టు అంటాడు. ఎన్ని పెట్టాల్నో తెలీక తప్పు పోతా ఉంటి. కట్టలనుకో, మా మిస్ అట్లే చెప్పినారు అనింది అమ్మ."

మా మిస్ అంటే నేను. తల్లి తల వంచుకుని చాప అంచు సరిచేస్తోంది.

నిజమే, నేను అలాగే చెప్పేదాన్ని. పదుల పాఠం మొదలుపెట్టే ముందు రోజు ప్రతి పిల్లనూ ఇంటి నుంచి చీపురుపుల్లల కట్టలు తెమ్మనేదాన్ని, కట్టకు పది. కట్ట చేతిలో ఉంటే ముప్పై అన్నది మూడు పక్కన సున్నాగా కాక మూడు కట్టలుగా కనబడుతుంది. పాపకూ అదే పని చెప్పాను: రేపు వచ్చేటప్పుడు పన్నెండు కట్టలు, కట్టకు పది పుల్లలు.

మరునాడు తెచ్చింది. ఒక్కొక్క కట్ట అరటిపట్ట పీచుతో, రెండు చుట్లు చుట్టి, ముడి లోపలికి దోపి, అంగట్లో పెట్టి అమ్మదగినట్టు ఉంది. ఒకటి విప్పి చాప మీద పరిచాను. పదకొండు. ఇంకొకటి విప్పాను. పదకొండు.

"పది కట్టమన్నాను గదా?"

"పదే మిస్."

"లెక్కపెట్టు."

వేలితో ఒక్కొక్క పుల్లనూ తోస్తూ పది దాకా వచ్చింది. పదకొండోదాన్ని తీసి పక్కన పెట్టింది. ముఖంలో తప్పు దొరికిన బెదురేమీ లేదు. "ఇవి పది. ఇది కొసరు."

"కొసరా?"

"పదికి ఒగటి. వెయ్యకుంటే అవ్వ అరుస్తాది."

చాప మీది పదకొండు పుల్లల్ని చూస్తూ ఉండిపోయాను. ఇలాంటి కట్టలు నేను ఇదివరకు ఒకసారి విప్పాను. మురుగమల్ల దారిలో ఉండే వాళ్లవి కావు, ఇంకెక్కడో. పాపను పంపించి ఇనప్పెట్టె తెరిచాను. బాగేపల్లి వైపు పనిచేసిన ఆరేళ్ల డైరీలు అడుగున ఉన్నాయి. ఏ ఏడాదో తెలియకపోయినా పదుల పాఠం ఏ నెలలో చెప్పేదాన్నో తెలుసు, కాబట్టి అరగంటలో దొరికింది. ఎర్ర సిరా కొంచెం గోధుమరంగుకు తిరిగింది.

"ఐదవ తరగతి, మూడో బెంచి. పన్నెండు కట్టలు తెచ్చింది, అన్నింట్లో పదకొండు. నాలుగు ముప్పైలు నూటముప్పై రెండు అంది. పది లెక్కపెట్టడం రాదు. నిలబెట్టాను. అజాగ్రత్త."

ఆ పుట చదివాక ఆ మధ్యాహ్నం కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చింది. రెండు జడలు, నిలబడ్డ పిల్ల, నేల మీద విప్పిన పుల్లలు. ముఖం మాత్రం రాలేదు. పుటలో లేనిదేదో ఇంకా ఉందని అనిపించింది గానీ ఏమిటో గుర్తుకు రాలేదు. నేను పిల్లలు చేసింది రాసేదాన్ని, నేను అన్నది రాసేదాన్ని కాదు. ఇన్నేళ్లలో అది లోపమని ఒక్కసారీ అనిపించలేదు.

మరునాడు పొద్దున డైరీని సంచిలో పెట్టుకుని నర్సరీకి వెళ్లాను. నీడకు కట్టిన పచ్చవల కింద తల్లీ, వాళ్ల అత్తా ఎదురెదురుగా కూర్చుని చామంతి పిలకలు కట్టలు కడుతున్నారు. మధ్య తడిగోనె. అత్తగారికి డెబ్బై దాటి ఉంటాయి. కళ్లు సరిగా ఆనవేమో, చేయి మాత్రం చూడకుండానే పిలకలు ఏరి, కట్టి, పక్కన వేస్తోంది.

"కట్టకు ఎన్ని అమ్మా?" అని ఆమెనే అడిగాను.

"పది."

ఒక కట్ట తీసి లెక్కపెట్టాను. "పదకొండు ఉన్నాయే."

"కొసరు లేకుండా ఎట్లిస్తారు టీచరమ్మా? పదికి ఒగటి. మా మామ కాలం నుంచి ఇంతే. ఒగటి చచ్చినా పది నిలబడాల. లేకుంటే కొన్నోడు మళ్లా వచ్చి మా గడప కాడ నిలబడతాడు." చేతిలో ఉన్న కట్టను బిగించి నా వైపు చూసింది. "ఇంత చదువుకొని ఇది తెలీదా నీకు?"

"తెలియదమ్మా," అన్నాను. "మీ పుట్టింట్లోనూ ఇంతేనా?" అని తల్లి వైపు తిరిగాను.

"అంతే మిస్. మాదీ పూలే గదా. నేను నడిచినప్పట్నుంచి కట్టలు కట్టినా."

డైరీ తీసి ఆ పుటను పైకి చదివాను. చదువుతున్నంతసేపూ ఆమె కట్టడం ఆపలేదు. "అజాగ్రత్త" అన్న చోట మాత్రం ముడి ఒకసారి జారింది, మళ్లీ వేసుకుంది.

"ఇంకొగ మాట అనిరి మిస్. అది రాసుకోలేదా?"

"లేదు. ఏమన్నాను?"

"పది లెక్కపెట్టేది రానిదానివి ఐదనే తరగతికి ఎట్లొస్తివి అనిరి. అందరూ నవ్విరి. ఆ కాడ్నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి పదకొండు, పదకొండు అని పిలుస్తా ఉండ్రి. పరీక్ష అయినాక ఇంక పోలే."

ఆమె బడి మానడానికి అదొక్కటే కారణమని నేను అనుకోను. ఇంట్లో పని ఉండేది, ఆరో తరగతికి వేరే ఊరు నడవాలి, ఆడపిల్ల. కానీ ఆ కారణాలన్నింటికీ నేనొకటి కలిపాను. అది కొసరు.

"కొసరని నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలే గదా మిస్."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. పచ్చవల మీద నీళ్ల పైపు చప్పుడు వినిపిస్తోంది. తర్వాత నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె చేసిన గుణకారంలో తప్పు లేదని. నేను మనసులో అనుకున్న కట్ట వేరు, ఆమె చేతిలో ఉన్న కట్ట వేరని. పదకొండేసి ఉన్న కట్టలు పన్నెండైతే నూటముప్పై రెండే అవుతాయని. పది పుల్లల్ని కూడా విప్పి లెక్కపెట్టే ఆ తరగతిలో, పన్నెండు పదకొండ్లను నోటితో చెప్పగలిగిన పిల్ల ఆమె ఒక్కతేనని.

"అట్లయితే నాకు లెక్క వచ్చు అంటారా?"

"వచ్చు."

"రాకుంటే ఇన్నేళ్లు ఈ నర్సరీ ఎవురు నడిపిరి, నీ మొగుడా?" అంది అత్తగారు. ముగ్గురం నవ్వాం. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, మట్టి అంటిన కొంగును చూసుకుని ఇంకా నవ్వింది.

"సరే మిస్. పాపను పంపిస్తాను. లెక్క రాకపోయినా ఒగటే, వచ్చినా ఒగటే, పరీక్షకు పోనీ. మీరు గూడా చిక్కబళ్లాపురం రావాల."

కానీ పాప చేతిలో కొసరు ఇంకా ఉంది. పరీక్షలో పది అంటే పదేనని నేను ఎన్నిసార్లు చెప్పినా, తలూపి మళ్లీ నూటముప్పై రెండు రాసేది. కొసరు వేయవద్దంటే కట్ట కట్టడానికే దానికి చేయి రాలేదు. పది పుల్లల కట్టను అటూ ఇటూ తిప్పి చూసి, "బోడిగా ఉండాది మిస్," అనేది. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు దారి చూపింది తల్లే. కూతురిని దిగబెట్టడానికి వచ్చి, చెప్పులు విడవకుండానే వాకిట్లో కూర్చుని ఒక కట్ట అందుకుంది. పదింటిని పీచుతో చుట్టింది. పదకొండోదాన్ని పీచు కిందకి అడ్డంగా దూర్చింది.

"ఇప్పుడు చూడు. నిలువుగా ఉండేది లెక్క. అడ్డంగా ఉండేది కొసరు. మొదట అడ్డంవి అన్నీ పీకి యాడన్నా పెట్టు. కట్టలు లెక్క చెప్పు. కొసరు కావాలంటే తర్వాత అడుగుతారు, అడక్కుంటే మన దగ్గరే ఉంటాది."

పాప పన్నెండు కట్టల నుంచి పన్నెండు అడ్డపుల్లలు పీకి కిటికీలో పెట్టింది. మిగిలిన కట్టల్లో పదింటిని కలిపి ఒక పెద్ద కట్ట చేసింది. ఒక పెద్ద కట్ట, రెండు చిన్న కట్టలు. "నూటిరవై," అంది. తల తిప్పి కిటికీ వైపు చూసి, "అవి పన్నెండు," అంది. మళ్లీ చాప వైపు చూసి నవ్వింది. ముప్పై ఆరేళ్లలో నేను పదకొండుతో గుణించడాన్ని అంత శుభ్రంగా ఎవరికీ చూపించలేదు.

తర్వాత పనంతా పుల్లలదే. ఇరవై నలభైలు చేయడానికి ఎనభై కట్టలు కావాలి. మా ఇంట్లో రెండు కొత్త చీపుళ్లు విప్పేశాం. పది పది చిన్న కట్టలను పెద్ద కట్టలుగా చేసి వరసగా పేర్చితే ఎనిమిది పెద్ద కట్టలు వచ్చాయి. చిన్న కట్ట మిగల్లేదు, విడి పుల్ల మిగల్లేదు. అప్పుడు పలక ఇచ్చాను. ఎనిమిది రాసింది. విడిగా చిన్న కట్టలు ఎన్ని? లేవు. అక్కడ సున్నా. విడి పుల్లలు ఎన్ని? లేవు. అక్కడ సున్నా. ఎన్ని సున్నాలు పెట్టాలని ఇంక అడగలేదు. సున్నాను పెట్టాలని చెబితే అది అలంకారంలా కనబడుతుంది. అక్కడ ఏమీ మిగల్లేదని తన కళ్లతో చూసిన పిల్లకు అది ఎక్కడ రావాలో చెప్పనక్కర్లేదు. ఈ మాట ఉద్యోగంలో ఉండగా ఎన్నోసార్లు రాసుకున్నాను. పూర్తిగా నమ్మింది ఆ మధ్యాహ్నమే.

పరీక్ష రోజున పొద్దున్నే బస్సులో ముగ్గురం వెళ్లాం. పాపను లోపలికి పంపాక తల్లీ నేనూ గోడ నీడలో కూర్చున్నాం. రెండు గంటలూ ఆమె గేటు మీదే కళ్లు పెట్టుకుంది. గేటు తెరిచి పిల్లలు బయటికి వస్తుంటే నవ్వే పిల్లల్ని ఒక్కొక్కరినే పరీక్షగా చూసింది, తన కూతురిని చూసి నవ్వుతున్నారేమోనని. పాప హాల్ టికెట్‌ను గుండెకు అదుముకుని వచ్చింది.

"మిస్, తోట లెక్క వచ్చింది! ఇరవై సాళ్లు, సాలుకు నలభై పూల గిడలు, మొక్కలు. ఎన్నని. నాలుగు జవాబులు ఇచ్చినారు. ఎనభై, ఎనిమిది నూర్లు, ఎనిమిది వేలు. ఇంకొగటి ఏముండాది చెప్పండి?"

"నువ్వే చెప్పు."

"ఎనిమిది నూట ఎనభై!"

తల్లి లేచి నిలబడింది. "దానికి పెట్టినావా?"

"లేదుమా. భూమిలో నాటేసినాక కొసరు యాడుంటాది? చచ్చేది చచ్చింటాది, నిలిచేది నిలిచింటాది. ఎనిమిది నూర్లకు పెట్టినా."

"ఆ పేపరు రాసినోడు గూడా పూలు అమ్మేటోడే అయ్యుంటాడు," అంది తల్లి. అప్పుడు కూర్చుంది.

మొదటి జాబితాలో పాప నంబరు లేదు. రెండోది వచ్చేదాకా పది రోజులు నేను డైరీలో వాన ఎండలు తప్ప ఇంకేమీ సరిగా రాయలేదు. రెండో జాబితాలో వచ్చింది. తల్లి ఆ సాయంత్రమే వచ్చింది, చేతిలో తడిగుడ్డలో చుట్టిన చామంతి పిలకల కట్ట. మా మేడ మీది కుండీలకట. లోపలికి వచ్చి, ఈసారి చాప మీద సర్దుకుని కూర్చుంది.

"దాని లెక్కకు సీటిచ్చినారు," అంది. "ఇప్పుడన్నా నా లెక్కకు రైటు కొట్టండి మిస్."

నవ్వుతూనే అంది, కానీ చేయి చాచి ఉంచింది. పెట్టెలో నుంచి ఆ డైరీ తెచ్చాను. రాసిన పుటను దిద్దకూడదని పెట్టుకున్న నియమాన్ని ఇన్నేళ్లలో ఒక్కసారీ దాటలేదు. ఎర్రకలం మూత తీసి, "అజాగ్రత్త" అన్న మాటను కొట్టేశాను. "నూటముప్పై రెండు" పక్కన రైటు గుర్తు పెట్టాను. కింద ఆ రోజు నేను అన్న మాటను, ఆమె చెప్పినట్టే, పూర్తిగా రాశాను. పాత సిరా పక్కన కొత్తది మరీ ఎర్రగా కనబడింది.

ఆమె పుటను దగ్గరికి తీసుకుని, కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. తర్వాత మట్టివేలు పైవరస మీద పెట్టింది.

"మూడో బెంచి కాదు మిస్. నాలుగోది."

అదీ దిద్దాను.